సరస్సు అడుగున దొరికిన విమాన నమూనా

కొత్త విమానాన్ని గీయగానే మనిషిని ఎక్కించి ఎగరేయరు. ముందు చిన్న నమూనా చేసి, విండ్ టన్నెల్ అనే గాలి సొరంగంలో నిలిపి, ఎదురుగా గాలి వదులుతారు. విమానం గాలిలోకి పోయినా, గాలే విమానం మీదికి వచ్చినా, వేగం ఒకటే అయితే పడే బలమూ ఒకటే.

కెనడాలో ఆవ్రో కంపెనీ 1950లలో 'యారో' అనే యుద్ధ విమానాన్ని తయారుచేసింది. అది ధ్వని కంటే వేగంగా పోవాలి గనుక టన్నెల్ పరీక్షలు ఒక్కటే చాలలేదు. 1954-57 మధ్య 1/8 సైజు నమూనాలు 11 చేసి, నైకీ రాకెట్లకు తగిలించి వదిలారు. తొమ్మిదింటిని అంటారియో సరస్సు మీదికి, రెండింటిని అమెరికాలోని వాలప్స్ దీవి నుంచి పంపారు. లోపలి పరికరాలు రేడియో ద్వారా కొలతలు పంపేవి. ఆ తర్వాత నమూనా నీళ్ళపాలే.

1/8 అంటే ఆటబొమ్మ అనుకునేరు, పొడవు సుమారు 3 మీటర్లు! పొడవు ఎనిమిదో వంతయితే రెక్క వైశాల్యం 64వ వంతు. అదే గాలి, అదే వేగమైతే బలం కూడా సుమారు 64వ వంతే. మన పదో తరగతి లెక్కే ఇది.

1959 ఫిబ్రవరి 20న ప్రభుత్వం యారోను రద్దు చేసింది. వేలాది ఉద్యోగులు ఆ రోజే రోడ్డున పడ్డారు. విమానాలను ముక్కలు చేశారు, డ్రాయింగులనూ నాశనం చేయమన్నారు. ఖర్చు భరించలేక ఆపారంటే సరే, ఆనవాలు కూడా ఉంచకపోవడం నాకు అర్థం కాదు.

2017లో సోనార్‌తో వెతికి ఒక నమూనాను కనుగొన్నారు, 2018లో పైకి తీశారు. ఇది అసలు యారో నమూనా కాదు, దానికంటే ముందు త్రికోణపు రెక్కను పరీక్షించిన చిన్నది. ఒంటినిండా జీబ్రా ఆల్చిప్పలు. ఉప్పునీరు కాకపోవడం దాని అదృష్టం. ఇలాంటివాటిని తొందరపడి గోకితే చిప్పలతోపాటు పాత రంగు, గుర్తులు కూడా ఊడిపోతాయి. దాన్ని ఒట్టావాలోని విమానయాన మ్యూజియానికి అప్పగించారు.