మాగాయ ఊట - పైరు వాడుట

మీ యింట మాగాయ పెట్టునప్పుడు జాడీలోనికి తొంగి చూచితిరా? మామిడి ముక్కలలో ఉప్పు, పసుపు కలిపి మూత పెట్టుదురు. చుక్క నీరైనను పోయరు. తడి తగిలిన చెడునని ఇంటి ఆడవారు చేయి తుడుచుకొని గాని జాడీని ముట్టరు. అయినను మూడవనాటికి ముక్కలు ఊటలో మునిగి, మెత్తబడి ముడుచుకొని యుండును. ఆ నీరు ముక్కలలోనిదే. ఉప్పు దానిని బయటికి లాగినది.

ముక్కలోని ప్రతి కణమునకును పలుచని పొర యుండును. అది నీటిని పోనిచ్చును గాని ఉప్పును సులువుగా పోనీయదు. పొరకు ఏ ప్రక్క ద్రావణము చిక్కగా నుండునో, నీరు ఆ ప్రక్కకు నడచును. దీనినే ద్రవాభిసరణ మందురు. ఎండుద్రాక్ష మంచినీట ఉబ్బుటయు ఇందుచేతనే. అచ్చట చిక్కదనము పండులోపల నున్నది.

పైరు వేరును ఎండుద్రాక్ష వలెనే నీరు పీల్చును. వేరులోని రసము మట్టిలోని తేమకంటె చిక్కగా నున్నంతకాలము ఇబ్బంది లేదు. మట్టిలో లవణములు పెరిగినకొలది నీరందుట కష్టమగును. మరీ పెరిగినచో వేరు గతి మామిడి ముక్క గతియే. కాలిక్రింద నేల తడిగానే యుండును, పైన ఆకులు వాడుచుండును. రైతు తెగులనుకొని మందు చల్లును. లేదా బలము చాలలేదని మరి పిడికెడు ఎరువు వేయును. ఈ రెండవది మరింత చెడ్డ పని.

లేత మిరప మొదట్లో ఎరువు కుప్పగా పోయుట నేటికిని చూచుచున్నాము. మొక్కకు బెత్తెడు దూరమున, తడి నేలలో వేసి మట్టి కప్పుడు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఈ విషయమున మిక్కిలి ఘాటైనది, యూరియాయు తక్కువది కాదు; సూపరు ఫాస్ఫేటు సాధువు. పొరపాటున ఎక్కువ పడినచో వెంటనే మంచినీరు ధారాళముగా పెట్టుడు.

పాలచౌడు నేలలో ఉప్పు మనము వేసినది కాదు. భూసార పరీక్ష కాగితములో ఇ.సి. అంకె 4 దాటినచో అది పాలచౌడని అనుమానింపవలెను. ఉల్లి, మిరప అంతకు ముందే దెబ్బతినును. ప్రత్తి కొంత ఓర్చుకొనును. దీనికి జిప్సము వేసి డబ్బు పోగొట్టుకొనకుడు. అది కారుచౌడుకు మందు. పాలచౌడుకు గట్లు వేసి, మంచినీరు నిలువగట్టి, ఆ నీరు మట్టిలోనికి దిగి మురుగుకాలువలోనికి పోవునట్లు చేయవలెను. మురుగుకాలువ లేనిచో ఉప్పు ఎచ్చటికిని పోదు. ఎండ ముదరగానే తిరిగి పైకి వచ్చును. పెట్టు నీరే బోరునుండి ఉప్పగా వచ్చుచున్నచో, మట్టితోపాటు ఒక సీసా నీటిని కూడ పరీక్షకు పంపుడు.