ఏ గుమ్మంలోంచి వచ్చాడో ముందు అడుగు

ఒసాకా,
డిసెంబరు, 2025

చిరంజీవి వంశీకి,

నీ పాడ్‌కాస్ట్ తొలి భాగం ఆఫీసుకి వెళ్తూ రైల్లో విన్నాను. లాస్ ఏంజెలెస్‌లో ఉన్న మనవాళ్లకి బేస్‌బాల్‌ని తెలుగులో చెప్పాలన్న ఆలోచన బాగుంది. మాటలో తడబాటు లేదు. కానీ రోకీ ససాకి దగ్గరికొచ్చేసరికి "అంత హడావుడి చేసి తెచ్చుకున్నారు, చివరికి ఫ్లాప్" అని ఒక్క ముక్కలో తేల్చి పారేశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. వాట్సాప్‌లో చెబితే బొటనవేలు చూపించి ఊరుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

2022 ఏప్రిల్ 10న చీబాలో ఈ ససాకి ఓరిక్స్ జట్టు మీద పర్‌ఫెక్ట్ గేమ్ వేశాడు. అప్పటికి వాడికి ఇరవయ్యేళ్లు. 27 మంది వచ్చారు, 27 మందీ వచ్చిన దారినే పోయారు. అందులో 19 మంది స్ట్రైకౌట్, మధ్యలో వరసగా 13 మంది. అలాంటివాడు ఈ ఏడాది డాడ్జర్స్‌కి ఎనిమిది మ్యాచ్‌లు మొదలుపెట్టి మే నెలలో భుజం నొప్పితో తప్పుకున్నాడు, నిజమే. సెప్టెంబరులో తిరిగొచ్చి ఆఖరి ఇన్నింగ్స్‌లు వేసే పని తలకెత్తుకున్నాడు. ఫిలడెల్ఫియాతో ప్లేఆఫ్ నాలుగో మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్‌ల పాటు ఒక్కణ్ణీ బేస్ మీదికి పోనివ్వలేదు. నువ్వు మే దాకా చూసి టీవీ కట్టేసినట్టున్నావు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. జపాన్ పిచ్చర్ ఎవడైనా అమెరికా వస్తే, ఎలా వేస్తున్నాడని అడిగే ముందు ఏ గుమ్మంలోంచి వచ్చాడని అడుగు. ఏ వయసులో వచ్చాడు, ఇక్కడ ఎన్నేళ్లు ఆడాడు, ఎవరు ఒప్పుకుంటే బయటపడ్డాడు, పాత జట్టుకి ఎంత ముట్టింది. ఇవి తెలిస్తే నువ్వు చదివే అంకెల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

ఇక్కడ నంబా స్టేషన్ పక్కన నంబా పార్క్స్ అనే షాపింగ్ మాల్ ఉంది. ఒకప్పుడు అది నన్‌కాయ్ హాక్స్ స్టేడియం. హోమ్ ప్లేట్, పిచ్చర్ ప్లేట్ ఉండిన చోట్ల నేలలో గుర్తులు పొదిగారు. సంచులు మోసుకుంటూ జనం వాటి మీంచే నడిచిపోతారు, కిందికి చూసేవాళ్లు తక్కువ. ఆ జట్టు కుర్రాడే మసనోరి మురకామి. 1964లో హాక్స్ వాళ్లు ముగ్గురు కుర్రాళ్లని ఆట నేర్చుకు రమ్మని శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ దగ్గరికి పంపారు. వాళ్లలో ఇరవయ్యేళ్ల మురకామి సెప్టెంబరు 1న న్యూయార్క్ షే స్టేడియంలో మేజర్ లీగ్ మౌండ్ ఎక్కాడు. అక్కడ అడుగుపెట్టిన మొదటి జపానీయుడు. బాగా వేశాడు, అదే తంటా అయింది. మావాడే అని జయంట్స్, మావాణ్ణి మాకు పంపండి అని హాక్స్. పంచాయితీ ముదిరి, 1965 సీజన్ అక్కడ ఆడి వెనక్కి వచ్చెయ్యాలని రాజీ కుదిరింది. ఆ తర్వాత 30 ఏళ్లు మేజర్ లీగ్‌లో ఇంకో జపానీయుడు కనబడలేదు.

ఆ హాక్సే చేతులు మారి, ఊరు మారి, ఇప్పుడు ఫుకుఓకాలో సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్ అయింది. జపాన్ జట్లన్నిటిలో ఇంతవరకూ ఒక్క ఆటగాణ్ణీ పోస్టింగ్‌కి (అంటే ఫ్రీ ఏజెంట్ కాకముందే మేజర్ లీగ్ జట్లు బేరమాడేలా వదలడానికి) పెట్టనిది అదే. కొదాయ్ సెంగా అక్కడివాడు. పంపండని అడుగుతూ వచ్చాడు, వాళ్లు కుదరదంటూ వచ్చారు. ఫ్రీ ఏజెంట్ హక్కు చేతికొచ్చాకే కదిలాడు. మెట్స్‌కి తొలి మ్యాచ్ వేసేసరికి వాడికి 30 ఏళ్లు. ఆ మొదటి ఏడాదే 12 గెలుపులు, 202 స్ట్రైకౌట్లు. నువ్వు సెంగానీ ససాకినీ ఒకే త్రాసులో తూచావు. ఒకడు చెయ్యి తిరిగి, ఇక్కడ సాధించాల్సినదంతా సాధించి వచ్చాడు. ఇంకొకడు 23 ఏళ్లకే వచ్చేశాడు. జపాన్‌లోనే ఏ సీజన్‌లోనూ 130 ఇన్నింగ్స్‌లు వేసినవాడు కాదు.

ఇక నోమో. హిదేఓ నోమో గురించి నువ్వు ఒక పూర్తి భాగం చెయ్యాలి, ఇది మావయ్య ఆజ్ఞ అనుకో. వాడిది కింతెత్సు బఫెలోస్ జట్టు. మేనేజర్ కెయిషి సుజుకి స్వయంగా పాతతరంలో మహా పిచ్చర్. ఎంత వేస్తే చెయ్యి అంత గట్టిపడుతుందనే బాపతు. 1994 జులైలో ఒక మ్యాచ్‌లో నోమో 16 వాక్‌లు ఇచ్చి, 191 బంతులు వేసి, చివరిదాకా మౌండ్ మీదే ఉన్నాడు. గెలిచాడు కూడా. ఆ చలికాలంలో ఏజెంట్ డాన్ నోమురా నిబంధనల్లో ఒక సందు పట్టుకున్నాడు. స్వచ్ఛందంగా రిటైరైనవాడు మళ్లీ జపాన్‌లో ఆడాలంటే పాత జట్టుకే ఆడాలి. విదేశం సంగతి మాత్రం అందులో లేదు. అంతే, 26 ఏళ్లకి నోమో రిటైరయ్యాడు! పత్రికలు దుమ్మెత్తి పోశాయి. 1995 మే 2న శాన్ ఫ్రాన్సిస్కోలో డాడ్జర్స్ చొక్కాతో మౌండ్ ఎక్కాడు. ముందు ఏడాది ఆటగాళ్ల సమ్మెతో వరల్డ్ సిరీసే రద్దయి, అమెరికా ప్రేక్షకులకి ఆట మీద మొహం మొత్తి ఉంది. వీపు పూర్తిగా తిప్పి, సుడిగాలిలా వేసే ఈ మనిషి కోసం వాళ్లు మళ్లీ స్టేడియానికి వచ్చారు. ఆ ఏడాది 236 స్ట్రైకౌట్లు, రూకీ ఆఫ్ ద ఇయర్. తర్వాత రెండు నో హిట్టర్లు. వాటిలో ఒకటి, బంతి గాల్లో ఎగిరిపోయే డెన్వర్ కూర్స్ ఫీల్డ్‌లో, 1996లో. కింతెత్సుకి మాత్రం దమ్మిడీ రాలేదు.

ఆ సందు మూసేశారు. తర్వాత చీబా లొట్టె పిచ్చర్ ఇరబు గొడవ: ఆ జట్టు వాడి హక్కుల్ని శాన్ డియెగోకి కట్టబెడితే, యాంకీస్‌కి తప్ప ఆడనని భీష్మించుకు కూర్చున్నాడు, చివరికి నెగ్గాడు. వీటన్నిటి ఫలితంగా 1998లో పోస్టింగ్ పద్ధతి వచ్చింది. మొదట అది గుడ్డి వేలం. 2006లో దైసుకె మత్సుజకతో బేరమాడే హక్కు కోసమే బోస్టన్ 5 కోట్ల 11 లక్షల డాలర్లు పోసింది. మనిషికి ఆరేళ్లకి ఇచ్చింది 5 కోట్ల 20 లక్షలు. ఇప్పుడు లెక్క వేరు. ఆటగాడి ఒప్పందం బట్టి పాత జట్టుకి వాటా: మొదటి రెండున్నర కోట్లలో 20 శాతం, తర్వాతి రెండున్నర కోట్లలో 17.5 శాతం, ఆపైన 15 శాతం. యోషినొబు యమమోతో 2023 డిసెంబరులో 12 ఏళ్లకి 32 కోట్ల 50 లక్షలకి డాడ్జర్స్‌తో సంతకం చేశాడు కదా, వేసి చూసుకో, ఓరిక్స్ బఫెలోస్‌కి 5 కోట్ల 6 లక్షల పైచిలుకు ముట్టింది. ఆ బఫెలోస్ అన్న పేరు ఎక్కడిదనుకున్నావు? 2004లో కింతెత్సు ఓరిక్స్‌లో కలిసిపోయింది, పేరు మిగిలింది. నోమో పోయిన ఇంటినుంచే యమమోతో పోయాడు, అదే డాడ్జర్స్‌కి.

మరి ససాకికి? 25 ఏళ్లు నిండకుండా వస్తే పెద్ద ఒప్పందం ఇవ్వడానికి అక్కడి నియమాలు ఒప్పుకోవు, బయటిదేశపు కొత్త కుర్రాళ్లకిచ్చే బోనస్ సొమ్ములోంచే ఇవ్వాలి. ఓహ్తానీ 2017లో అలాగే వచ్చాడు, 23 లక్షల 15 వేల డాలర్లకి. ససాకికి 65 లక్షలు. వాడి పాత జట్టు చీబా లొట్టెకి అందులో నాలుగో వంతు, 16 లక్షల 25 వేలు. పెంచి పోషించిన జట్టుకి అది చిల్లర. రెండేళ్లు ఆగితే ఆటగాడికీ జట్టుకీ కోట్లు వచ్చేవని ఇక్కడివాళ్లు ఇప్పటికీ సణుగుతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కానీ తన చేతికి ఏమవుతుందో తెలియని వృత్తిలో రెండేళ్లు ఆగమని ఇంకొకడికి చెప్పే హక్కు మనకి లేదు. నేర్చుకోవడానికి వచ్చినవాణ్ణి నేర్చుకునేవాడిలా చూడు. అంతే నేను అడిగేది.

బంతి సంగతి కూడా చెప్పాలి నీ శ్రోతలకి. నా బల్ల మీద రెండూ ఉన్నాయి. జపాన్‌ది మిజునో బంతి. చేతిలోకి తీసుకుంటే వేళ్లకి కాస్త అంటుకుంటుంది, కొద్దిగా చిన్నది. మేజర్ లీగ్‌ది రాలింగ్స్, కోస్టారికాలో కుడతారు. తోలు నున్నగా, కొత్త బూటులా జారుతుంది. ఆ జారుడు తగ్గడానికే ప్రతి మ్యాచ్‌కి ముందు డెలావేర్ నది ప్రాంతపు బురద రుద్దుతారు. రుద్దినా రాలింగ్స్ బంతి మిజునో బంతవదు. ఈ పిచ్చర్లు వేసే ఫోర్క్ బాల్ అంటే రెండు వేళ్ల మధ్య బిగించి వదిలేది. పదేళ్లు ఒక బంతితో అలవాటైన వేళ్లకి రాత్రికి రాత్రి ఇంకోటి ఇస్తే ఆ పట్టు కుదరడానికి నెలలు పడుతుంది. మనవాళ్లకి చెప్పడం తేలికే: క్రికెట్‌లో ఎస్జీ బంతితో పెరిగిన మన సిరాజ్ ఇంగ్లండ్‌లో డ్యూక్స్ బంతి పట్టుకున్నట్టు.

బంతికంటే గడ్డు సమస్య క్యాలెండర్. జపాన్‌లో స్టార్టర్ వారానికి ఒక్కసారి వేస్తాడు, సీజన్‌కి 143 మ్యాచ్‌లు, సోమవారం సాధారణంగా సెలవు. అక్కడ 162 మ్యాచ్‌లు, నాలుగైదు రోజులకే మళ్లీ మౌండ్, మధ్యలో గంటల తరబడి విమానాలు. ఇక్కడ చోజి మురాతా అని లొట్టె పిచ్చర్ ఉండేవాడు. మోచెయ్యి పాడైతే 1983లో మీ లాస్ ఏంజెలెస్‌లోనే డాక్టర్ ఫ్రాంక్ జోబ్ చేత ఆపరేషన్ చేయించుకుని, 1985లో తిరిగొచ్చి 17 మ్యాచ్‌లు గెలిచాడు. ఆదివారం ఆదివారం వేసేవాడని 'సండే చోజి' అనేవాళ్లు. అంత విరామం మేజర్ లీగ్‌లో ఎవరిస్తారు? మత్సుజక, దర్విష్, ఓహ్తానీ, మయెదా, అందరూ అక్కడికెళ్లాక అదే ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లే. మసహిరో తనకాకి మోచేతి లిగమెంట్ కొంత చిరిగినా కత్తి పడకుండా నెట్టుకొచ్చాడు. తప్పంతా అమెరికాదని కూడా అనకు. 1998 కోషియెన్ హైస్కూల్ పోటీల్లో మత్సుజక 17 ఇన్నింగ్స్‌ల మ్యాచ్‌లో 250 బంతులు వేశాడు, అదీ ఆగస్టు ఎండలో. ఆ ఎండ నేను ఎరుగుదును, స్టాండ్‌లో ఊరికే కూర్చున్నవాడికే కళ్లు తిరుగుతాయి. వారానికి 500 బంతుల పరిమితి వచ్చింది 2020లో. ఒక్కొక్కడి మోచేతిలో ఎంత అప్పు పేరుకుందో వాడు విమానం ఎక్కకముందే చాలావరకూ తేలిపోతుంది.

అలాగని ఎవరినీ విమర్శించొద్దని కాదురా. కెయి ఇగావాకి యాంకీస్ హక్కులకే 2 కోట్ల 60 లక్షలు పెట్టారు. 16 మ్యాచ్‌లు, రెండు గెలుపులు, ఈఆర్ఏ 6.66. అది వైఫల్యమే, మొహమాటం లేకుండా చెప్పు. కాకపోతే టైము ఇచ్చాక చెప్పు. 2024 మార్చి 21న సియోల్‌లో యమమోతో తొలి మ్యాచ్ గుర్తుందా? ఒక్క ఇన్నింగ్స్, ఐదు పరుగులు. ఆ రాత్రి నీ పాడ్‌కాస్ట్ ఉండి ఉంటే ఏమనేవాడివో నేను ఊహించగలను. అదే మనిషి 2025 వరల్డ్ సిరీస్‌లో టొరంటో మీద రెండో మ్యాచ్ ఒంటిచేత్తో పూర్తి చేసి, ఆరో మ్యాచ్ గెలిపించి, మర్నాడే ఏడో మ్యాచ్‌లో మళ్లీ వచ్చి 11వ ఇన్నింగ్స్ దాకా నిలబెట్టి సిరీస్ ఎంవీపీ అయ్యాడు. దాన్ని చూసి "జపాన్ వాళ్ల పట్టుదల" అని మురిసిపోయే భాగం మాత్రం చెయ్యకు. నోమో 191 బంతుల్ని కూడా అదే మాటతో పొగిడారు. ఒక రాత్రి సాహసం వేరు, అలవాటు వేరు.

నన్నడిగితే ఈ వరసలో అందరికంటే పెద్ద మనిషి హిరోకి కురొదా. హిరోషిమా కార్ప్ నుంచి ఫ్రీ ఏజెంట్‌గా వచ్చి డాడ్జర్స్‌కి, యాంకీస్‌కి ఏడేళ్లు ఆడి 79 మ్యాచ్‌లు గెలిచాడు. అమెరికాలో అంతకంటే ఎంతో ఎక్కువ డబ్బు దొరికేదే, వదులుకుని 2015లో కార్ప్‌కి తిరిగొచ్చాడు. మరుసటి ఏడాది కార్ప్ 25 ఏళ్ల తర్వాత సెంట్రల్ లీగ్ గెలిచింది. ఆయన మీద కూడా ఒక భాగం చెయ్యి. వెళ్లడం గురించే మాట్లాడతారు అందరూ, చేవ ఉండగానే తిరిగి రావడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఈ 2025 చలికాలంలో సెయిబు లయన్స్ తన పిచ్చర్ తత్సుయ ఇమాయిని పోస్టింగ్‌కి పెట్టింది. బేరానికి 45 రోజులే, గడువు 2026 జనవరి 2. డాడ్జర్స్‌లో చేరడం కన్నా వాళ్లని ఓడించడమే తనకిష్టమని బాహాటంగా చెప్పినవాడు, మీ ఊళ్లో నచ్చకపోవచ్చు! ఏ జట్టు తీసుకున్నా, ఏప్రిల్‌లో నాలుగు మ్యాచ్‌లు చూసి వాడి మీద తీర్పు చెప్పకు. ఆగస్టు దాకా ఆగు. ఈలోగా నీ తర్వాతి భాగంలో ససాకి సంగతి సరిదిద్దు, నేను వింటాను.

ఇట్లు,
మీ మావయ్య