ఎముక విరగకపోయినా పరిహారం అడగొచ్చు

ప్రశ్న: కొత్తగూడెం వెళ్తుంటే మా ఆటోను వెనక నుంచి లారీ గుద్దింది. మెడకు గట్టి కుదుపు తగిలింది. ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని మాత్రలిచ్చి పంపారు. వారం తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. మంచినీళ్లు తాగినా పొలమారుతోంది. నేను సంతల్లో కూరగాయలు అమ్ముతాను, కేక వెయ్యందే బేరం సాగదు. లోక్ అదాలత్‌లో ఎంతో కొంతకు రాజీ పడమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, చండ్రుగొండ

జవాబు: తొందరపడి సంతకం పెట్టకండమ్మా. లోక్ అదాలత్ అవార్డుపై అప్పీలు ఉండదు. గొంతు సంగతి తేలకముందే రాజీ పడితే ఆ నష్టాన్ని మళ్లీ అడగడం కష్టం.

ముందు వైద్యం చూసుకోండి. మెడ కుదుపుకు గొంతు కండరాలు బిగుసుకుపోవచ్చు, లోపల వాపు రావచ్చు, స్వరపేటిక నరం దెబ్బతినవచ్చు. ఇవన్నీ ఎక్స్‌రేలో దొరకవు. ఈఎన్‌టీ డాక్టరు లారింగోస్కోపీతో స్వరతంత్రుల కదలిక చూస్తారు. మింగడానికి వేరే పరీక్షలున్నాయి. ఊపిరి ఆడకపోయినా, మెడ వాచినా ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లాలి. ప్రమాదమైన ఎన్నో రోజున గొంతు మారిందో చీటీలో రాయించుకోండి. బీమా కంపెనీ లాయరు మొదట పట్టుకునేది అక్కడే.

ఎముక విరిగితేనే తీవ్ర గాయమని లేదు. దెబ్బ వల్ల 15 రోజులు రోజువారీ పనులు చేసుకోలేకపోయినా భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం అది తీవ్ర గాయమే. ఆస్పత్రి కాగితాలు పోలీసులకు ఇచ్చి కేసులో చేర్చమనండి.

పరిహారానికి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పిటిషన్ వేయాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు ఉండే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది: వైకల్యం ఎంత శాతమన్నది ఒక్కటే చాలదు, అది సంపాదనను ఎంత దెబ్బతీసిందో చూడాలి. ఎడమ చెయ్యి పోతే డ్రైవరు బతుకుతెరువే పోవచ్చు, గుమాస్తా ఉద్యోగం నిలవొచ్చు. మీకు గొంతే పెట్టుబడి. తైబజారు రసీదులు దాచుకోండి. పక్క కొట్టువాళ్ల చేత, వైద్యం చేసిన డాక్టరు చేత సాక్ష్యం చెప్పించండి.

పిటిషన్‌కు చట్టం పెట్టిన గడువు 6 నెలలు. దాటిపోయిందని వదిలేయకుండా లాయరును అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరును ఇస్తారు. కొత్తగూడెంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. రాజీ మాట ఆ తర్వాతే.