రెండు నిమిషాల దూరం

దక్షిణాఫ్రికా దేశంలోని పశ్చిమ కేప్ రాష్ట్రంలో ఏటా ఒక సైకిల్ పందెం జరుగుతుంది. దాని పేరు కేప్ ఎపిక్. ఎనిమిది రోజులపాటు కొండలు, లోయలు, ఇసుక బాటలు, రాతి గుట్టల మీదుగా సాగే ఈ పందెంలో పోటీదారులు ఆరేడు వందల కిలోమీటర్లు ప్రయాణించవలసి ఉంటుంది. దారిలో ఎక్కే ఎత్తులన్నింటినీ కూడితే పదిహేను వేల మీటర్లకు అటూ ఇటూగా తేలుతుంది. ఎవరెస్టు శిఖరం ఎత్తు 8,849 మీటర్లు. సముద్రమట్టం నుండి ఆ శిఖరాన్ని ఒకసారి ఎక్కి, రెండవసారి మూడింట రెండు వంతులు ఎక్కినంత శ్రమ అన్నమాట.

ఈ లెక్కలకన్నా పోటీదారులను ఎక్కువగా కలవరపెట్టేది ఒక చిన్న నియమం. ఈ పందెంలో ఎవరూ ఒంటరిగా పేరు నమోదు చేసుకోలేరు. ప్రతి జట్టులోనూ ఇద్దరుంటారు. ఆ ఇద్దరి మధ్య ఎడం దారి పొడవునా ఎక్కడా రెండు నిమిషాలకు మించరాదు. మించితే జట్టుకు దండన తప్పదు. గమ్యం చేరిన సమయాన్ని కూడా వెనుక వచ్చినవారిని బట్టే లెక్కిస్తారు. ఇద్దరిలో ఒకరు మధ్యలో మానుకుంటే, మిగిలినవారు దారి పూర్తిచేయవచ్చు గాని ఆ జట్టుకు ఫలితాల పట్టికలో స్థానం ఉండదు. ఎంతటి వేగగామి అయినా తోడువాని వేగమే తన వేగమని అంగీకరించి బయలుదేరవలసిందే.

రహదారులపై జరిగే ప్రసిద్ధ సైకిల్ పందేలలోనూ జట్లుంటాయి. అయితే అక్కడ ఒక నాయకుడుంటాడు. మిగిలినవారు అతనికి ముందు నడిచి గాలిని కాచి, నీళ్లు అందించి, తమ సత్తువ అయిపోగానే వెనుకబడిపోతారు. వారు వెనుకబడినందువల్ల నాయకుడికి నష్టమేమీ లేదు. కేప్ ఎపిక్‌లో ఆ వెసులుబాటు లేదు. తోడువాడు ఆగితే తానూ ఆగవలసిందే.

కొండదారులలో నడపడానికి వీలైన సైకిల్ పుట్టుక వెనుక ఒక చిన్న కథ ఉంది. అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన మారిన్ అనే కొండప్రాంతం ఉంది. 1970వ దశకంలో అక్కడి యువకులు కొందరు లావు టైర్లు గల పాత సైకిళ్లను సేకరించి, కొండపైకి చేర్చి, మట్టిబాటల వెంట అతివేగంగా కిందికి నడిపేవారు. 1976లో ఇది పందెంగా మారింది. కిందికి చేరేసరికి వెనుక చక్రంలోని బ్రేకు కాలిపోయి, అందులోని గ్రీజు పొగగా పోయేది. ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు కూరవలసి వచ్చేది. తిరిగి కూరడం అనే అర్థంలో ఆ పందేనికి ‘రీప్యాక్’ అన్న పేరు స్థిరపడింది. 1977లో జో బ్రీజ్ అనే యువకుడు ఈ పనికే సరిపడే ఫ్రేమును ప్రత్యేకంగా తయారుచేశాడు. 1980వ దశకం ఆరంభంలో కర్మాగారాలలో తయారైన మౌంటెన్ బైకులు దుకాణాలకు వచ్చాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఈ క్రీడకు విశ్వక్రీడలలోనే చోటు దక్కింది.

ఇద్దరేసి జట్లతో రోజుల తరబడి సాగే పందేలు ఆ తరువాత వచ్చాయి. 1998లో ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలను అడ్డంగా దాటే ట్రాన్స్‌ఆల్ప్ మొదలైంది. 2002లో కెవిన్ వెర్మాక్ అనే దక్షిణాఫ్రికా యువకుడు మధ్య అమెరికాలోని కోస్టారికాకు వెళ్లి అక్కడి కఠినమైన పందెంలో పాల్గొన్నాడు. అటువంటిది తన దేశంలోనూ జరగాలని సంకల్పించి 2004లో కేప్ ఎపిక్‌ను ప్రారంభించాడు.

పందెం సాధారణంగా మార్చి నెలలో జరుగుతుంది. దక్షిణార్ధగోళంలో మార్చి అంటే వేసవి చివరి దినాలు. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజులూ ఉన్నాయి. ద్రాక్షతోటల నడుమ, ఆపిల్ తోటల పక్కన దారి కొంతసేపు చల్లగా సాగుతుంది. ఆ తరువాత నీడ అనేదే లేని పొదల కొండలు ఎదురవుతాయి. చక్రం సగం దిగబడే ఇసుక, టైరును చీల్చే పదునైన రాళ్లు, సూదుల వంటి ముళ్లు ఆ దారిలో మామూలే. కొన్ని ఎత్తులలో సైకిల్‌ను నడపడం సాధ్యంకాక దిగి తోసుకుంటూ పోవలసి వస్తుంది. సాయంత్రానికి అందరూ వరుసలు తీర్చిన చిన్న గుడారాలకు చేరి, తెల్లవారకముందే మళ్లీ లేస్తారు.

ఇటువంటి దారిలో తోడు ఉండడం వల్ల కలిగే మేలును ముందుగా గాలి విషయంలో గమనించవచ్చు. చదునైన నేలపై వేగంగా పోయే సైకిల్‌కు ప్రధాన శత్రువు ఎదురుగాలి. ముందు పోయేవారు గాలిని చీల్చుకుంటూ పోతే, వారి వెనుక చక్రానికి దగ్గరగా పోయేవారికి నాలుగోవంతుకు పైగా శ్రమ తగ్గుతుంది. బలవంతుడు ముందు, అలసినవాడు వెనుక ఉంటే జట్టు మొత్తం వేగం పెరుగుతుంది. నిటారు ఎత్తులో వేగం తక్కువ కాబట్టి ఈ కిటుకు అంతగా పనిచేయదు. అక్కడ అలసినవాని వీపుపై చేయి వేసి మెల్లగా నెట్టే దృశ్యాలు కనిపిస్తాయి. నెట్టేవానికి అది రెట్టింపు శ్రమ. నెట్టించుకునేవానికి మాత్రం అది శ్రమకన్నా కష్టమైన పరీక్ష. సాయం చేయడం కన్నా సాయం పుచ్చుకోవడం చాలామందికి అలవాటు లేని పని.

ఆహారం విషయంలోనూ తోడు అవసరమే. మనిషి కండరాలలో, కాలేయంలో గ్లైకోజన్ రూపంలో నిలువ ఉండే పిండిపదార్థం సుమారు 400 నుండి 500 గ్రాములు. తీవ్రంగా శ్రమిస్తే అది రెండు గంటలకు మించి రాదు. రోజుకు నాలుగు గంటల నుండి తొమ్మిది, పది గంటల వరకు సైకిల్‌పై ఉండేవారు గంటకు 60 నుండి 90 గ్రాముల పిండిపదార్థాన్ని తింటూనో తాగుతూనో ఉండాలి. ఇది మరచినవారికి ఉన్నట్టుండి కాళ్లు బరువెక్కుతాయి, చూపు మసకబారుతుంది, అకారణంగా కోపం వస్తుంది. విచిత్రమేమంటే, ఈ స్థితికి చేరుకుంటున్నవాడు దానిని తానుగా గుర్తించలేడు. వెనుకనుండి చూసే తోడువాడే గుర్తించగలడు. మాటలు తగ్గాయి, మలుపుల్లో సైకిల్ తడబడుతున్నది, సీసాలోని నీళ్లు గంటనుండి తరగలేదు అని గమనించి, తన జేబులోని తినుబండారం తీసి అతని చేతిలో పెట్టగలిగితే ఆ రోజు గట్టెక్కుతుంది.

అయితే తోడు అన్నివేళలా కొండంత అండగానే ఉంటుందనుకోవడం పొరపాటు. అలసట మనిషిలోని మంచినీ చెడునూ కూడా పైకి తెస్తుంది. బలంగా ఉన్నవాడు ముందుకు పోయి, మలుపు దగ్గర ఆగి, గడియారం చూసుకుంటూ నిలబడతాడు. వెనుకవాడు రొప్పుతూ చేరుకోగానే, అప్పటికే విశ్రాంతి తీసుకున్న ముందువాడు మళ్లీ బయలుదేరుతాడు. వెనుకవానికి మాత్రం విశ్రాంతి లేదు. ఇలా నాలుగైదు పర్యాయాలు జరిగితే వెనుకవాని మనస్సు విరిగిపోతుంది. నియమం ప్రకారం వారి మధ్య దూరం రెండు నిమిషాలు దాటకపోవచ్చు. కాని ఆ జట్టు అప్పటికే రెండుగా చీలిందని చెప్పవచ్చు. అనుభవజ్ఞులు పాటించే పద్ధతి వేరు. ఎత్తు మొదట్లో బలహీనుని పక్కనే ఉండి, అతడు మాట్లాడగలిగేంత వేగంతోనే ఎక్కుతారు. ఆగవలసి వస్తే ఇద్దరూ కలిసి ఆగి, కలిసి బయలుదేరుతారు.

పైగా ఎనిమిది రోజులలో బలవంతుడెవరు, బలహీనుడెవరు అన్నది స్థిరంగా ఉండదు. మొదటిరోజు ముందు నడిచినవానికి నాలుగవ రోజు కడుపునొప్పి రావచ్చు. ఇసుకలో వెనుకబడినవాడు రాతిదారిలో మెరుపులా దిగవచ్చు. చక్రం పంక్చరై, గొలుసు తెగి నిలిచిపోవడంలో పెద్ద, చిన్న తేడాలు లేవు. నిన్న విసుక్కున్నవాడు ఈరోజు ఎదురుచూపుకు అర్హుడెలా అవుతాడన్న ప్రశ్న అప్పుడు తలెత్తుతుంది.

నైపుణ్యం లేని చోట తోడువాని అనుభవం ఎంత పనికివస్తుందో 2019లో మహిళల విభాగం చూపింది. డెన్మార్కుకు చెందిన అనికా లాంగ్‌వాడ్ అప్పటికే నాలుగు పర్యాయాలు గెలిచిన మౌంటెన్ బైక్ క్రీడాకారిణి. ఆమెకు తోడుగా వచ్చిన నెదర్లాండ్స్ క్రీడాకారిణి అన్నా వాన్ డెర్ బ్రెగ్గెన్ రహదారి పందేలలో ఒలింపిక్, ప్రపంచ విజేత. ఒకరి బలం చదునుదారిలో, మరొకరి బలం రాతిదారిలో. ఆ జోడీయే ఆ ఏడు గెలిచింది.

ఈ పందెం చరిత్రలో అందరికీ గుర్తుండిపోయిన జోడీ మరొకటి ఉంది. స్విట్జర్లాండ్ దేశీయుడైన క్రిస్టోఫ్ సౌసర్ 1976లో జన్మించాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం, 2008లో ప్రపంచ విజేత పదవి సాధించాడు. 2006లో స్వదేశీయుడైన సిల్వియో బుండితో కలిసి కేప్ ఎపిక్‌ను గెలిచాడు. దక్షిణాఫ్రికాతో అతనికి ఏర్పడిన అనుబంధం పందెంతో ముగియలేదు. స్టెలెన్‌బాష్ పట్టణాన్ని ఆనుకొని కయమండి అనే పేదల పేట ఉంది. అక్కడివాడైన సోంగో ఫిపాజాతో స్నేహం కుదిరి, ఆ పేట పిల్లలకు సైకిల్ క్రీడ, చదువు అందించే కార్యక్రమాన్ని వారిద్దరూ 2008లో ఆరంభించారు. సోంగో పేరే దానికి పెట్టారు.

సౌసర్‌కు దక్షిణాఫ్రికాలో దొరికిన తోడు బర్రీ స్టాండర్. సౌసర్ కన్నా పదకొండేళ్లు చిన్నవాడు. హిందూమహాసముద్ర తీరంలోని క్వాజులు నటాల్ రాష్ట్రంలో పెరిగాడు. 2009లో ఇరవైమూడేళ్లలోపు యువకుల విభాగంలో ప్రపంచ విజేత అయ్యాడు. ఈ ఇద్దరూ కలిసి 2011లో కేప్ ఎపిక్‌ను గెలిచారు. పురుషుల విభాగంలో దక్షిణాఫ్రికా క్రీడాకారుడొకడు ఈ పందెం గెలవడం అదే ప్రథమం. 2012లోనూ వారే గెలిచారు. అదే సంవత్సరం లండన్ ఒలింపిక్స్‌లో స్టాండర్ ఐదవ స్థానం పొందాడు. అతని వయస్సు అప్పటికి ఇరవైనాలుగు. ముందున్నది అతని కాలమేనని అభిమానులు భావించారు.

2013 జనవరి 3న స్టాండర్ తన ఊరికి సమీపాన షెల్లీ బీచ్ వద్ద రహదారిపై సాధన చేస్తుండగా, ప్రయాణికులను చేరవేసే మినీబస్సు ఢీకొని మరణించాడు. ఎన్నో ప్రమాదకరమైన కొండదారులను దాటినవాడు ఇంటి దగ్గరి మామూలు రోడ్డుపై ప్రాణం కోల్పోయాడు. ఈ వార్త దేశాన్ని విషాదంలో ముంచింది. రహదారులపై సైకిల్ నడిపేవారి భద్రతను గూర్చి అక్కడ తీవ్రమైన చర్చ జరిగింది.

పందెం మార్చిలో ఉంది. ముప్ఫైఆరేళ్ల సౌసర్ ఇంటివద్ద ఉండిపోయినా తప్పుపట్టేవారెవరూ లేరు. అతడు పందేనికి వచ్చాడు. అతనికి తోడుగా చెక్ దేశీయుడైన యారొస్లావ్ కుల్హవీ నిలిచాడు. లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం గెలిచినవాడు ఇతడే. స్టాండర్ ఐదవ స్థానంలో నిలిచిన ఆ పోటీలో మొదట గీత దాటినవాడు, ఇప్పుడు స్టాండర్ ఉండవలసిన చోట సైకిల్ ఎక్కాడు. నియమం మారలేదు. ఇద్దరి మధ్య ఎడం రెండు నిమిషాలు దాటరాదు. అవే ఇసుక బాటలు, అవే రాతి గుట్టలు. ఎనిమిదవ రోజున సోమర్సెట్ వెస్ట్ సమీపంలోని లూరెన్స్‌ఫోర్డ్ తోటలో పందెం ముగిసేసరికి వారిద్దరే అగ్రస్థానంలో ఉన్నారు.

2015లోనూ సౌసర్, కుల్హవీల జంటే గెలిచింది. సౌసర్‌కు అది ఐదవ విజయం. విజేతల పట్టికలో 2013వ సంవత్సరానికి ఎదురుగా చూస్తే ఆ ఇద్దరు ఆటగాళ్ల పేర్లే కనిపిస్తాయి. జట్టు పేరు రాసిన గడిలో మాత్రం ‘బర్రీ స్టాండర్ – సోంగో’ అని ఉంటుంది.