‘క్విక్’ అను మాట

చిత్తూరు, మదనపల్లె ఇంగ్లీషు బడులలో చదువు మన పిల్లలు ‘క్విక్’ అనగా వేగముగల అని నేర్చుకొందురు. తప్పు కాదు. అయితే 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో హెబ్రీ పత్రిక 4:12 తెరచినచో, దేవుని వాక్యము వేగముగలదని చెప్పుకొందురు. తెలుగులో అక్కడ ‘సజీవము’ అని యున్నది. తెలుగే సరి. మదనపల్లెలో సేవచేసిన జేకబ్ చేంబర్లేను దొరగారును తెలుగు బైబిలు సవరణలో పాటుపడినవారే.

ఆ కాలపు ఇంగ్లీషులో క్విక్ అనగా ప్రాణముగల అని మొదటి అర్థము. ప్రాణముగలది కదలును గనుక వేగమను అర్థము తరువాత చేరి, పాతదానిని త్రోసివేసెను. 1881లో ఇంగ్లీషువారే ఆ వచనమును సవరించి ‘లివింగ్’ అని వేసిరి.

ఎద్దుకు లాడము కొట్టువానిని చూడుడి. మేకు గిట్ట అంచున దిగినయెడల ఎద్దు ఊరకుండును. లోపలి జీవభాగమునకు తగిలెనా, తన్నును! ఆ జీవభాగమునకు నేటికిని ఇంగ్లీషు పేరు క్విక్.

119వ కీర్తనలో పదే పదే వచ్చు ‘క్వికెన్’ అనునదియు దీని బిడ్డయే. బ్రదికించుట అని అర్థము. మంటిని హత్తుకొనియున్న ఆ భక్తుడు దేవుని త్వరపెట్టుట లేదు, ప్రాణము నడుగుచున్నాడు. పిల్లలచేత ఆ కీర్తన చదివించునప్పుడు రెండు బైబిళ్లను ప్రక్కప్రక్కన పెట్టుడి.