ప్యాకేజీ కాదు ఆంటీ, స్టైపెండు!

చెల్లీ, ఆఫర్ లెటర్ వచ్చిందట కదా! పిన్ని ఫోన్లో చెప్పింది. అందులో సాఫ్ట్‌వేర్ అనీ ఉంది, అప్రెంటిస్ అనీ ఉంది, చుట్టాలకు ఏ మాట ముందు చెప్పాలో తేలక ఇంట్లో తలలు పట్టుకున్నారట. ఎదురింటి ఆంటీ "ప్యాకేజీ ఎంతమ్మా?" అంటే నువ్వు చప్పున లోపలికి వెళ్లిపోయావట. వెళ్లిపోవడం దేనికే? గుమ్మంలో నిలబడే చెప్పు: "ప్యాకేజీ కాదు ఆంటీ, స్టైపెండు. ఏడాదిపాటు పని నేర్చుకుంటా." ఆవిడ పెదవి విరిస్తే విరవనీ. ఈ లోకంలో ప్యాకేజీ అడిగిన వాళ్లెవరూ ఎవరి ఇంటి అద్దె కట్టలేదు.

నువ్వు చేరబోయేది నాచారంలో. అక్కడ అప్రెంటిస్ అంటే ఎవరూ వింతగా చూడరు. ఐటీఐ చేసి ఫిట్టర్, టర్నర్ పని నేర్చుకోవడానికి టిఫిన్ డబ్బాతో ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడిన తరాలు ఆ పారిశ్రామికవాడలో చాలానే ఉన్నాయి. అదే రోడ్డు పట్టుకుని మల్లాపూర్ దాటి కుషాయిగూడ వైపు వెళ్తే ఈసీఐఎల్. 1967లో పుట్టిన ఆ సంస్థ 1969కల్లా టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తయారుచేసింది. మాదాపూర్‌లో అప్పటికి రాళ్లూ తుప్పలే. హైదరాబాద్‌లో కంప్యూటర్ అంటే అందరూ పడమర వైపే చూస్తారు గానీ, దాని పుట్టిల్లు తూర్పునే ఉందని నేను గట్టిగా వాదిస్తా. ఈసీఐఎల్ ఇప్పటికీ అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్) ట్రేడ్ చేసినవాళ్ల నుంచి కంప్యూటర్ సైన్స్ ఇంజనీర్ల దాకా.

ఇక ఉప్పల్ సంగతి నీకు తెలిసిందే. హబ్సిగూడ నుంచి వచ్చే దారిలో జెన్‌ప్యాక్ట్, పారిశ్రామికవాడలో ఎన్‌ఎస్‌ఎల్ అరీనా, వరంగల్ రోడ్డులో పోచారం దగ్గర ఇన్ఫోసిస్. ఐటీ అంతా ఒకే మూలకు పోకుండా నగరం నాలుగు వైపులా పరచాలని 2020 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం గ్రిడ్ అనే పాలసీ తెచ్చింది. ఉప్పల్, నాచారం లాంటి చోట్ల పాత ఫ్యాక్టరీ స్థలాలను ఐటీ పార్కులుగా మార్చుకోవడానికి దారి ఇచ్చింది. అందుకే ఇప్పుడు రేకుల షెడ్డు పక్కనే అద్దాల బిల్డింగు కనిపిస్తుంది. మధ్యాహ్నం అదే బండి దగ్గర వెల్డింగ్ కుర్రాడూ, మెడలో ఐడీ కార్డు వేసుకున్న అమ్మాయీ టీ తాగుతారు.

రోజూ భువనగిరి నుంచి వచ్చిపోతానంటున్నావు. రాగలవు. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం ఉంది, ఎక్స్‌ప్రెస్ బస్సు దాకా ఆడవాళ్లకు జీరో టికెట్టే, ఆధార్ కార్డు మర్చిపోకుంటే చాలు. ఉప్పల్ రింగు రోడ్డులో దిగి సిటీ బస్సెక్కినా పైసా అక్కర్లేదు. కానీ నారపల్లి నుంచి ఉప్పల్ దాకా ఆ ఫ్లైఓవర్ పనులు ఎన్నేళ్లుగా సాగుతున్నాయో నీకు చెప్పాలా? పొద్దున బస్సులో సీటు దొరకడం ఒక ఎత్తు, సాయంత్రం ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉంటే ఇల్లు చేరడం ఇంకో ఎత్తు. నన్నడిగితే మొదటి మూడు నెలలైనా హబ్సిగూడలోనో, నాచారంలోనో లేడీస్ హాస్టల్ చూసుకో. నాచారం లోపలికి మెట్రో లేదు, హబ్సిగూడ స్టేషన్‌లో దిగి ఆటో పట్టాల్సిందే. ఆఫీసుకు దగ్గరుంటే సాయంత్రం ఆరున్నరకు ఏదో తెగక మిగిలిపోయిన పని దగ్గర ఇంకో అరగంట కూర్చునే ఓపిక ఉంటుంది. ఆ అరగంటలోనే చాలా వంటబడుతుంది.

డబ్బు మాట దాచిపెట్టను. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం డిగ్రీ చేసినవాళ్లకు నెలకు తక్కువలో తక్కువ 9,000, డిప్లొమా వాళ్లకు 8,000. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. నువ్వు చేరేనాటికి ఎంతుందో ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో చూసుకో. కంపెనీలు దీనికంటే ఎక్కువ ఇవ్వొచ్చు, చాలామంది ఇస్తారు కూడా. అయినా హాస్టలు, తిండి, ఫోను పోగా మిగిలేది పెద్దగా ఉండదు. పిన్నికి ఇప్పుడే చెప్పి పెట్టు, మొదటి ఏడాది ఇంటికి పంపడం కుదరదని.

అసలు ముచ్చటకి వస్తా. చేతిలో ఉన్న ఆ కాగితం నిజంగా అప్రెంటిస్‌షిప్పేనా? మన దేశంలో 1961 నుంచి దీనికి ఒక చట్టం ఉంది. కంపెనీకీ నీకూ మధ్య ఒప్పందం రాసుకుని, దాన్ని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. డిగ్రీ, డిప్లొమా వాళ్లకు నాట్స్ అనే పథకం ఉంది, మన వైపు దాన్ని చూసేది చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ బోర్డు. ఇంకోటి న్యాప్స్, 2016లో మొదలైంది. నీ ఒప్పందానికి నంబరు ఉందా అని హెచ్‌ఆర్‌ను అడుగు. ఉంటే ఇస్తారు, లేకుంటే నీళ్లు నములుతారు. ఎవరైనా "ట్రైనింగ్ ఫీజు కట్టు, డిపాజిట్ పెట్టు, ఆర్నెల్ల తర్వాత ఉద్యోగం గ్యారంటీ" అంటే ఆ మెట్లు దిగి వచ్చెయ్. అప్రెంటిస్‌కు కంపెనీ డబ్బివ్వాలి గానీ, అప్రెంటిస్ దగ్గర పుచ్చుకోవడమేంటి!

చట్టం నిన్ను ఉద్యోగి అనదు, నేర్చుకునే మనిషి అంటుంది. దీంతో నష్టం ఉంది: పీఎఫ్ కట్ కాదు, ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు, తీసుకునే విధానం కంపెనీ ఇష్టం. లాభం కూడా అందులోనే ఉంది. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా నీతో ఓవర్‌టైమ్ చేయించకూడదు. "రిలీజ్ ఉంది, ఈ ఒక్క రాత్రికి ఉండిపో" అని ఎవరన్నా అంటే ఈ సంగతి గుర్తుండాలి. ఇంకోటి, అన్నిటికంటే పెద్దది: "నాకు తెలియదు" అనే హక్కు నీకు కాగితం మీద రాసిచ్చారు. నీ సీనియర్‌కు ఆ హక్కు లేదు పాపం. పదేళ్ల అనుభవం ఉన్నవాడు మీటింగులో తెలియదనడానికి ఎంత గుంజాటన పడతాడో చూద్దువుగాని. నీకు తెలియదన్నందుకే ఈ ఏడాది డబ్బులిస్తున్నారు. మొహమాటంతో ఆ హక్కును వదులుకునే ఆడపిల్లల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మొదటి నెల నీకు కొత్త కోడ్ రాసే పని ఇవ్వరు, ఇస్తే అనుమానించు. ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్ చదవమంటారు. కొత్త కోడలు అత్తగారి వంటింట్లో పోపుల డబ్బా వెతుక్కున్నట్టే ఉంటుంది. ఇక్కడ ఉప్పు సీసా మీద పంచదార అని రాసి ఉంటుంది, ఎందుకని అడిగితే "అది ముందునుంచీ అంతే" అంటారు. అప్పుడే ఊరుకోవద్దు. ఎందుకలా ఉందో కనుక్కుని రెండు లైన్లు రాసి పెట్టు. నీ తర్వాత వచ్చేవాళ్లు నీ పేరు చెప్పుకుంటారు.

నాకు తెలిసిన ఒక పిల్ల ఉంది, నాచారంలోనే చిన్న ఆఫీసు, ఆస్పత్రులకు ఓపీ చీటీల సాఫ్ట్‌వేర్ చేస్తారు. అప్రెంటిస్ కాబట్టి టెస్టింగ్ అప్పజెప్పారు. అందరూ టెస్టింగ్‌కు ఏబీసీడీ, టెస్ట్1, టెస్ట్2 అని కొట్టేస్తుంటే ఈ పిల్ల వాళ్ల నాయనమ్మ పేరు తెలుగులో కొట్టింది: వెంకటలక్ష్మమ్మ. చీటీ మీద వెంకటలక్ష్మమ్ అని వచ్చి, చివర నల్ల డైమండ్‌లో ఒక ప్రశ్న గుర్తు వచ్చింది. సీనియర్ చూసి ఫాంట్ సమస్య అన్నాడు. ఫాంటైతే మిగతా అక్షరాలు ఎలా వచ్చాయన్నా, అంది ఈమె. దానికి అతని దగ్గర జవాబు లేదు, ఇద్దరూ కూర్చున్నారు.

సంగతేమిటంటే, మన కంటికి ఆ పేరులో ఆరే అక్షరాలు. కంప్యూటర్‌కు గుణింతం వేరు, పొల్లు వేరు, సున్నా వేరు. విడగొడితే పద్నాలుగు ముక్కలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్కకు మూడు బైట్లు, మొత్తం 42. ఎప్పుడో ఎవరో ఇంగ్లిష్ పేర్లను మనసులో పెట్టుకుని ఆ గడికి 40 బైట్లు చాలన్నారు. 39 దగ్గర పదమూడు ముక్కలు సరిగ్గా పట్టాయి, ఆఖరి 'మ'లో మూడో వంతు మాత్రమే లోపలికి వచ్చి, రెండొంతులు గుమ్మం బయట ఉండిపోయాయి. ఆ విరిగిన ముక్కే ప్రశ్న గుర్తు. వెంకటలక్ష్మమ్మలు ఎందరో ఉన్న ఊళ్లలో వాడే సాఫ్ట్‌వేర్ అది! సరిచేయడం పావుగంట పని. కనిపెట్టడానికే నాయనమ్మ కావాల్సి వచ్చింది. మనదగ్గర ఇంగ్లిష్ మీడియం కాదని, జిల్లా నుంచి వచ్చామని కుంచించుకుపోయే పిల్లలకు ఇది చెబుతుంటా.

సరిచేసిన ఆ కోడ్ ఆమె పంపితే రివ్యూలో ఎర్రగా కామెంట్లు పడ్డాయి: పేరు సరిగా పెట్టలేదు, ఖాళీ పేరు వస్తే ఏం చేస్తావు, టెస్ట్ ఏది. మొదటిసారి చూస్తే ఏడుపొస్తుంది, చెప్పొద్దూ. అవి నీ మీద కాదు, కోడ్ మీద. కామెంట్లు లేకుండా "బాగుంది" అని ఒక్క ముక్కతో పాస్ చేసే సీనియర్ ఉన్నాడే, అతనితోనే జాగ్రత్త. అతను చదవలేదు. ఇప్పుడు ఏఐని అడిగితే కోడ్ ధారగా రాసిచ్చేస్తోంది, వాడుకో, నేను వద్దనను. కానీ "ఈ లైను ఎందుకు?" అని రివ్యూలో అడిగితే అది వచ్చి నీ పక్కన నిలబడదు. వివరించలేని లైను పంపకు, అంతే.

జర్మనీలో ఇలా నేర్చుకుంటూ సాఫ్ట్‌వేర్ పనిలోకి వెళ్లే కోర్సు 1997 నుంచి ఉంది, మూడేళ్లు. అక్కడ ఎదురింటి ఆంటీలు దాన్ని చదువు కిందే లెక్కేస్తారు. మన ఆంటీలకు ఇంకొంచెం టైమివ్వాలి.

ఒక మాట చెవిలో వేస్తా, పిన్ని వినకపోయినా పర్లేదు. ఆఫీసులో ఎవరి చూపో, మాటో, అర్ధరాత్రి మెసేజో ఇబ్బందిగా ఉంటే "నేను ఉద్యోగిని కూడా కాదు, ఎవరికి చెప్పాలి" అనుకోకు. పని చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ట్రైనీనీ, అప్రెంటిస్‌నూ పేరు పెట్టి మరీ ఉద్యోగుల్లో కలిపింది. పదిమంది, ఆపైన ఉన్న ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి, మూడు నెలల్లోగా ఫిర్యాదు రాసివ్వాలి. అంతకంటే చిన్న ఆఫీసైతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది, మీది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కిందికి వస్తుంది. మెసేజ్‌లు చెరిపేయకు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

ఏడాది చివర్లో రెజ్యూమెలో జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్ అని వరసగా పేర్చకు, అవి అందరి దగ్గరా ఉంటాయి. ఏ తప్పు పట్టుకున్నావు, ఎలా పట్టుకున్నావు, దాంతో ఎవరి పని సులువైందో రాయి. రోజూ సాయంత్రం నాలుగు ముక్కలు నోట్ చేసుకుంటే అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

అన్నట్టు, ఒక నెల స్టైపెండు మరుసటి నెల పదో తారీఖులోగా ఖాతాలో పడాలని నిబంధనల్లోనే ఉంది. పడకపోతే బాగోదేమోనని ఊరుకోకు. మర్యాదగా హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టు, నోటిమాటగా కాదు. ఎలా రాయాలో తోచకపోతే ఆదివారం ఇటొచ్చెయ్, ఇద్దరం కూర్చుని రాద్దాం. వచ్చేటప్పుడు పిన్ని పెట్టిన మామిడికాయ పచ్చడి తేవడం మర్చిపోకు.