మూలవిరాట్టును ఊరేగించకండి

"సార్, ఆ ప్రాజెక్టు ఫోల్డరు సైటువాళ్లకు షేర్ చేయండి. పీడీఎఫ్‌లు మాత్రమే కనబడాలి, అసలు డ్రాయింగులున్న డీడబ్ల్యూజీలు కనబడకూడదు."

సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేసేవాళ్లలో ఇలాంటి మాట విననివాళ్లు తక్కువ. అడిగేవాళ్లకు అది అరనిమిషం పనిలా ఉంటుంది. ఎక్కడో ఒక టిక్కు పెడితే సరిపోతుందనుకుంటారు. మీరు పంచుతున్నది ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా అయితే ఆ టిక్కు ఎక్కడా లేదు. దానికోసం మాన్యువల్ తిరగేస్తూ సాయంత్రం పాడుచేసుకోకండి.

పక్క కంప్యూటర్‌లోని డిస్కు మన సొంత డిస్కులా కనబడాలని సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్‌ను తెచ్చింది. అది పంచేది డైరెక్టరీని. సర్వరులోని ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో మనం రాసేవి మూడే సంగతులు: ఏ డైరెక్టరీ, ఎవరికి, ఏ షరతుల మీద. 'ఏ రకం ఫైలు' అన్న గడి అందులో లేదు. అసలు లినక్స్ కెర్నెల్‌కు 'డాట్ పీడీఎఫ్' అనేది రకమే కాదు, పేరు చివర ఉన్న నాలుగు అక్షరాలు, అంతే.

కాబట్టి వడపోత షేర్ చేసే చోట కుదరదు, అంతకుముందే జరగాలి. గుడిలో మూలవిరాట్టు గర్భగుడి దాటి రాదు. ఊరేగింపుకు వచ్చేది ఉత్సవమూర్తి. ఫైళ్లకూ అదే పద్ధతి పెట్టుకోండి. అసలు ప్రాజెక్టు ఫోల్డరును ఎక్స్‌పోర్ట్ చేయకండి. బయటికి వెళ్లాల్సిన ఫైళ్లతో వేరే ఫోల్డరు తయారుచేసి, దాన్నే పంచండి.

దీనికి అడ్డదారులు వెతకాలనిపిస్తుంది. నేనూ వెతికాను. ఒక డిజైన్ ఆఫీసులో పనిచేస్తున్న రోజుల్లో, కాపీలు చేస్తే డిస్కు దండగ అనుకుని, కొత్త ఫోల్డరులో పీడీఎఫ్‌లన్నిటికీ సింబాలిక్ లింకులు పెట్టి షేర్ చేశాను. సర్వరులో కూర్చుని చూస్తే అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. తెల్లారేసరికి సైటు నుంచి ఫోను: "అన్నా, పేర్లు కనబడుతున్నాయి గానీ ఒక్కటీ ఓపెన్ కావట్లేదు." తప్పు నాదే. సింబాలిక్ లింకులో ఉండేది దారి మాత్రమే. ఆ దారిని వెతికేది సర్వరు కాదు, క్లయింటు. అది తన సొంత డిస్కులో వెతుక్కుంటుంది. మన వీధి చిరునామా పట్టుకుని వాళ్ల ఊళ్లో ఇల్లు వెతికినట్టన్నమాట.

హార్డ్ లింకులైతే తెరుచుకుంటాయి. కానీ హార్డ్ లింకంటే ఒకే ఫైలుకు రెండో పేరు. షేర్‌లో రాసే అనుమతి ఉంటే అక్కడ దిద్దింది అసలు ఫైలులోనూ దిద్దినట్టే. పైగా చాలా సాఫ్ట్‌వేర్లు సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలు రాసి పాతదాని పేరు దానికి పెడతాయి. అప్పుడు లింకు తెగి, షేర్‌లో పాత డ్రాయింగే మిగులుతుంది. సైటులో పాత డ్రాయింగు చూసి స్లాబు వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకొందరు డీడబ్ల్యూజీల మీద చదివే అనుమతి తీసేస్తే చాలంటారు. అప్పుడూ పేర్లు కనబడుతూనే ఉంటాయి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్ సెట్టింగులో సర్వరు క్లయింటు చెప్పిన యూజర్ నంబరునే నమ్ముతుంది. తన మెషీన్‌లో రూట్ అయినవాడు ఏ నంబరైనా చెప్పుకోవచ్చు. రూట్ స్క్వాష్ అడ్డుకునేది రూట్‌ను మాత్రమే, వేరేవాళ్ల వేషంలో వచ్చినవాడిని కాదు.

అందుకే కాపీయే మేలు. దానికి ఆర్‌సింక్ చాలు. నియమాలు మూడు, ఈ వరుసలోనే: మొదట అన్ని ఫోల్డర్లనూ ఇన్‌క్లూడ్ చేయాలి, తర్వాత పీడీఎఫ్‌లను ఇన్‌క్లూడ్ చేయాలి, చివర మిగతాదంతా ఎక్స్‌క్లూడ్ చేయాలి. ముందు సరిపోలిన నియమమే చెల్లుతుంది గనుక వరుస మారిస్తే ఫలితమూ మారుతుంది. మొదటి నియమం మరిచిపోతే ఆర్‌సింక్ లోపలి ఫోల్డర్లలోకే వెళ్లదు. పైపైన ఉన్న నాలుగు ఫైళ్లు వచ్చి ఊరుకుంటాయి. ఖాళీ ఫోల్డర్లు రాకుండా చేసే ఆప్షన్ కూడా పెట్టండి. లేకపోతే ఫోల్డర్ల పేర్లే సగం గుట్టు విప్పేస్తాయి.

చాలా స్కానర్లు ఫైలు పేరు చివర పెద్ద అక్షరాల్లో పీడీఎఫ్ అని పెడతాయి. లినక్స్‌కు చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు. నియమంలో రెండూ రాయండి.

అసలు ఫోల్డరులో తీసేసిన ఫైలు షేర్‌లోనూ పోవాలంటే డిలీట్ ఆప్షన్ కావాలి. దాన్ని వాడే ముందు డ్రై రన్‌లో ఏమేం పోతాయో చూసుకోండి. అసలు డిస్కు ఏ కారణంగానో మౌంట్ కాని రోజున ఈ పని నడిస్తే, ఖాళీ ఫోల్డరును చూసి షేర్ మొత్తాన్ని ఊడ్చేస్తుంది. కాబట్టి మౌంట్ అయిందో లేదో చూశాకే కాపీ మొదలయ్యేలా స్క్రిప్టు రాసి, దాన్ని క్రాన్‌లో పెట్టండి. ఆర్‌సింక్ ముందు తాత్కాలిక పేరుతో రాసి చివర్లో పేరు మారుస్తుంది గనుక, చూసేవాళ్లకు సగం ఫైలు దొరుకుతుందన్న భయం లేదు.

ఇక ఎక్స్‌పోర్ట్ వరుస. షేర్ ఫోల్డరును వీలైతే వేరే పార్టిషన్‌లో పెట్టి, రీడ్ ఓన్లీగా ఇవ్వండి. ఒకే పార్టిషన్‌లో ఒక ఫోల్డరునే పంచితే, ఫైల్ హ్యాండిల్‌ను ఊహించగలిగిన గడుసువాడు పక్క ఫోల్డరులోని ఫైళ్లదాకా వెళ్లే దారి ఉంది. దాన్ని ఆపే సబ్‌ట్రీ చెక్, ఎన్‌ఎఫ్‌ఎస్ యుటిల్స్ 1.1.0 నుంచి డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది. ఇంకో మాట: నెట్‌వర్క్ చిరునామాకూ దాని పక్కన బ్రాకెట్‌కూ మధ్య ఖాళీ ఉండకూడదు. ఒక్క స్పేస్ పడితే బ్రాకెట్‌లోని అనుమతి మీ నెట్‌వర్క్‌కు కాక లోకమంతటికీ వర్తిస్తుంది.

కొన్ని రకాల ఫైళ్లను అవతలివాళ్లు షేర్‌లో పెట్టకుండా ఆపాలంటే మాత్రం ఎన్‌ఎఫ్‌ఎస్ పనికిరాదు. సాంబాలో 'వీటో ఫైల్స్' అనే సెట్టింగు ఉంది. అందులో రాసిన పేర్లున్న ఫైళ్లు కనబడవు, వాటిని తెరవడమూ కుదరదు. కానీ అదీ చూసేది పేరునే. జీతాల ఎక్సెల్ షీటుకు ఎవరైనా పీడీఎఫ్ అని పేరు మారిస్తే సాంబా అయినా ఆర్‌సింక్ అయినా దాన్ని పోనిస్తాయి. నిజమైన పీడీఎఫ్ లోపల మొదట్లోనే పర్సెంట్ గుర్తూ, పీడీఎఫ్ అన్న అక్షరాలూ ఉంటాయి. లినక్స్‌లో 'ఫైల్' అనే కమాండ్ లోపలి గుర్తు చూసి రకం చెబుతుంది. ముఖ్యమైన షేర్‌లకు కాపీ ముందు ఈ పరీక్ష కూడా పెట్టండి.

అంతా అయ్యాక సర్వరులో చూసి సంతోషపడిపోకండి. వాళ్ల మెషీన్ లాంటి ఒక క్లయింటులో మౌంట్ చేసి, పీడీఎఫ్ కాని ఫైళ్లు ఎన్ని ఉన్నాయో ఫైండ్ కమాండ్‌తో వెతకండి. జవాబు సున్నా రావాలి. కొత్త ఫైలు వెంటనే కనబడకపోతే కంగారుపడకండి. క్లయింటు డైరెక్టరీ వివరాలను మామూలుగా 30 నుంచి 60 సెకన్లదాకా గుర్తుంచుకుంటుంది.

కాపీలకు డిస్కు కొంత ఖర్చవుతుందని మేనేజరు గునిస్తే లెక్క చూపించండి: బయటికి వెళ్లేవి పీడీఎఫ్‌లే, మొత్తం ప్రాజెక్టు కాదు. డిస్కు మళ్లీ కొనుక్కోవచ్చు. ఒకసారి బయటికి పోయిన డీడబ్ల్యూజీని మాత్రం వెనక్కి తెచ్చుకోలేం.